పిరమిడ్లు కట్టింది ఎవరో రాసిపెట్టి ఉంది

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పిరమిడ్ల మీద రెండు పేజీలు వేశారు. ఫొటోలు బాగున్నాయి. రాసింది చదివితే మాత్రం ఒళ్లు మండింది. 23 లక్షల రాళ్లు, ఒక్కోటి సగటున రెండున్నర టన్నులు, క్రేన్లు లేని కాలం, ఇది మనుషుల వల్ల అయ్యే పనేనా, గ్రహాంతరవాసులు దిగి కట్టారా అని అడిగి, జవాబు చెప్పకుండా వదిలేశారు. సోమవారం బడికి వెళ్లేసరికి ఎనిమిదో తరగతి పిల్లలు ఆ పేజీ చుట్టూ మూగి ఉన్నారు. “టీచర్, ఏలియన్స్ కట్టారంట గదా!” నేను సోషల్ చెబుతాను. పైగా వడ్డెర ఇంట్లో పుట్టిన దాన్ని. మా తాత, మా నాన్న ఇద్దరూ బండలు కొట్టి మమ్మల్ని పెంచారు. అందుకని ఈ ఉత్తరం కాస్త ఘాటుగా ఉంటే ఏమీ అనుకోవద్దు.

అంత రాయి మనిషి వల్ల కాదనే మాట రాయి జోలికి పోనివాళ్ల నోటే వస్తుంది. మా తాత వాళ్లు పెద్ద బండ మీద కట్టెలు పేర్చి మంట పెట్టేవాళ్లు. బాగా కాలితే పైపొర లేస్తుంది. ఆరాక సమ్మెటతో తట్టుకుంటూ పోతే ఒకచోట ఖంగుమంటుంది, ఒకచోట గుల్లగా పలుకుతుంది. ఆ మోతను బట్టి బండ ఎంతవరకు విడిందో చెప్పేసేవాడు తాత. ఈజిప్టులో అస్వాన్ గనుల్లో కూడా గ్రానైట్‌ను మంటతో కాల్చిన ఆనవాళ్లు దొరికాయి. ఇనుము లేదు కాబట్టి, డోలరైట్ అనే గట్టి నల్లరాతి గుండ్లతో బండను దంచి, పొడి చేసి తీసేవాళ్లు. ఆ గుండ్లు ఇప్పటికీ ఆ గనుల్లో పడి ఉన్నాయి.

అక్కడే సగంలో వదిలేసిన ఒబెలిస్క్, అంటే ఒకే రాతిలో తొలిచే పొడవాటి స్తంభం, ఒకటి ఉంది. దాదాపు 42 మీటర్ల పొడవు, వెయ్యి టన్నులకు పైగా బరువు. చుట్టూ కందకం తవ్వి మూడు పక్కలా తేల్చారు, అడుగున విడదీయడమే మిగిలింది. అంతలో బండలో పగుళ్లు బయటపడ్డాయి. ఇంత కష్టమూ వదిలేసి వెళ్లిపోయారు. మా చీమకుర్తి క్వారీల్లో ఎవరినైనా అడగండి, చివరికొచ్చాక దిమ్మెలో చీలిక కనపడితే మేస్త్రీ ముఖం ఎలా ఉంటుందో. ఆకాశం నుంచి దిగగలిగినంత తెలివైనవాళ్లకు పగుళ్ల బండ ఏదో మంచి బండ ఏదో తెలియలేదా? ఆ కందకం గోడల మీద ఎర్ర రంగు గీతలు కూడా ఉన్నాయి. ఎంత లోతు దిగారో ఎప్పటికప్పుడు కొలిచి వేసిన గుర్తులవి, ఉపాధి హామీ పనిలో మేట్ టేపు పట్టి గుంత కొలిచినట్టు.

మీ వ్యాసం చెప్పని ఇంకో సంగతి. గ్రేట్ పిరమిడ్‌లో చాలావరకు రాయి గ్రానైట్ కాదు, గిజాలోనే పక్కన తీసిన సున్నపురాయి. అది రాగి ఉలికి లొంగుతుంది. లోపల రాజు గదికి వాడిన గ్రానైట్‌ను మాత్రం అస్వాన్ నుంచి నైలు మీద పడవల్లో తెచ్చారు. నేల మీద బరువులు ఎలా లాగారంటే, జెహుతిహోతెప్ అనే అధికారి సమాధిలో బొమ్మే వేసి ఉంది. స్లెడ్జి అనే చక్రాల్లేని బండి మీద పెద్ద విగ్రహం, తాళ్లు పట్టిన 172 మంది, ముందు నిలబడి ఇసుక మీద నీళ్లు పోస్తున్న ఒక మనిషి. ఇసుకను తగినంత తడిపితే లాగే బలం సగానికి తగ్గుతుందని 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్ష చేసి చూపించారు.

మొదటిసారే గిజాలో అంత ఎత్తు లేచిందా అంటే, అదీ కాదు. ముందు సక్కారాలో జోసర్ రాజుకు మెట్లమెట్లుగా కట్టారు. గ్రేట్ పిరమిడ్ కట్టించిన ఖుఫు రాజు తండ్రి స్నెఫెరు దహ్షూర్‌లో దాదాపు 54 డిగ్రీల వాలుతో మొదలుపెట్టించిన కట్టడాన్ని మధ్యలో 43 డిగ్రీలకు వంచేయాల్సి వచ్చింది. వంకర పిరమిడ్ అని ఇప్పటికీ అంటారు దాన్ని. దాని దగ్గర్లోనే మళ్లీ 43 డిగ్రీలతో ఇంకొకటి కట్టి, అప్పుడు ఊపిరి పీల్చుకున్నారు. కిందామీదా పడి పని నేర్చుకున్నది మనుషులే.

ఇక అసలు సాక్ష్యం. ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్ అనే చోట 2013లో ఫ్రెంచ్ పరిశోధకుడు పియర్ తల్లే బృందానికి పపైరస్ (ఆ కాలంలో రాయడానికి వాడిన రెల్లు కాగితం) చుట్టలు దొరికాయి. రాత ఉన్న పపైరస్‌లలో ఇప్పటిదాకా దొరికినవాటిలో అవే పాతవి. వాటిలో మెరెర్ అనే అధికారి రాసిన దినచర్య ఉంది. అతని కింద 40 మంది దాకా పడవ కూలీలు. తురా గనుల్లో తెల్ల సున్నపురాయి ఎక్కించడం, నైలు దాటి గిజాలో దించడం, ఏ రోజు ఎక్కడ పడుకున్నారో కూడా రాసుకున్నాడు. పని మీద పెద్ద తలకాయ ఖుఫు సవతి సోదరుడు అంఖ్‌హాఫ్. ఇంతకంటే ఏం కావాలండీ మీకు?

గిజాలోనే మార్క్ లేనర్, జాహి హవాస్ తవ్వకాల్లో కూలీల ఊరు, రొట్టెల బట్టీలు, వాళ్లు తిన్న పశువుల ఎముకలు, వాళ్ల సమాధులు బయటపడ్డాయి. విరిగి, కట్టుకట్టాక అతుక్కున్న చేతులు, అరిగిపోయిన వెన్నుపూసలు. అలాంటి నడుములు నేను మా ఇంట్లోనే చూశాను. సినిమాల్లోలాగా కొరడా దెబ్బలు తిన్న బానిసలు కారని పరిశోధకులు అంటున్నారు. నిజమే కావచ్చు, కానీ రాజుగారు పిలిస్తే రానని చెప్పే హక్కు వాళ్లకు ఉండి ఉంటుందని నేననుకోను. మన వెట్టి లాంటిదే. తిండి బాగా పెట్టినంత మాత్రాన వెట్టి వెట్టి కాకుండా పోదు.

పిల్లలకు నేను చూపించింది పిరమిడ్లకు 1,200 ఏళ్లకు పైగా తర్వాతిది. డెయిర్ ఎల్ మదీనా అనే ఊళ్లో రాజుల సమాధులు తొలిచే కూలీల హాజరుపట్టీ అది. రెండో రామ్సెస్ 40వ ఏట సున్నపురాతి పలక మీద రాసింది, బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఎవరు ఏ రోజు రాలేదో, ఎందుకు రాలేదో వరసగా రాశారు. ఒకడికి తేలు కుట్టింది. ఒకడికి కళ్లు బాగాలేవు. ఒకడు బీరు కాస్తున్నాడు. ఇంకొకడు తల్లి శవానికి బట్ట చుడుతున్నాడు. మా క్లాసులో చాలామంది పిల్లల తండ్రులు క్వారీల్లో పనిచేస్తారు. వాళ్లలో ఒకడు వెంటనే అడిగాడు, “తేలు కుట్టినాయనకు ఆ రోజు కూలి ఇచ్చారా టీచర్?”

ఆ పలకలో కూలి సంగతి లేదు. వాళ్లకు కూలి నెలకోసారి గోధుమలు, బార్లీ రూపంలో ఇచ్చేవాళ్లు. మూడో రామ్సెస్ 29వ ఏట అది సమయానికి రాకపోతే, ఆకలేస్తోందని పనిముట్లు వదిలి ఒక గుడి వెనకాల బైఠాయించారు. బట్టల్లేవు, నూనె లేదు, చేపల్లేవు, కూరగాయల్లేవు అని రాజుకు రాయమన్నారు. చరిత్రలో రాతపూర్వకంగా దొరికిన మొట్టమొదటి సమ్మె అదే. ఆ పపైరస్ ఇటలీలోని టూరిన్ మ్యూజియంలో ఉంది. అది చెప్పాక క్లాసులో ఏలియన్ల ఊసెత్తినవాళ్లు లేరు.

వివరణ పేరుతో మూల మీద నాలుగు లైన్లు వేయవద్దని మనవి. ఆ హాజరుపట్టీ ఫొటో, మెరెర్ దినచర్యలో ఒక వారం పని, సమ్మె కథ తెలుగులో వేయండి. అదే ఆదివారం అనుబంధంలో, అవే రెండు పేజీల్లో, ఏలియన్ బొమ్మకు ఇచ్చినంత చోటు ఇచ్చి.

– ఒక సోషల్ టీచర్,
చీమకుర్తి మండలం, ప్రకాశం జిల్లా