ఆ పెట్టెలో జాగా ఎంత మిగిలిందో ఎవరన్నా చూస్తాన్నారా?

సంపాదకులు గారికి నమస్కారం.

ఎండలు ముదిరితే చాలు వడదెబ్బ తగలకుండా మజ్జిగ తాగండి, మధ్యాహ్నం బయట తిరగొద్దండి అని పేపర్లో రోజూ వేస్తారు, మంచిదే, కానీ మా కర్నూల్లో ఆస్పత్రుల్లో కాలేజీల్లో మిల్లుల్లో మెట్ల కింద గదిలోనో స్టోర్ రూములోనో ఒక సర్వర్ రాత్రింబగళ్ళు మూలుగుతా ఉంటాది కదా, దాని బాగోగుల గురించి ఒక్క ముక్క కూడా యాడా కనపడదు, అందుకే నేనే రాస్తున్నా. చాన్నాళ్ళుగా ఈ ఊర్లోనే సిస్టమ్స్ పని చేస్తున్నా, ఇప్పుడు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉన్నా.

ఇదివరకు బిల్లింగ్‌కి ఒక కంప్యూటరు, ల్యాబ్‌కి ఒకటి, టాలీకి ఒకటి ఉండేవి. ఇప్పుడు ఒకే పెద్ద సర్వర్ కొని అందులో ఏడెనిమిది వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఉత్తుత్తి కంప్యూటర్లు, మేము వీఎంలు అంటాం, పెట్టేస్తున్నారు. కరెంటు కలిసొస్తాది, జాగా కలిసొస్తాది, తప్పేమీ లేదు. తప్పు యాడుందంటే, పెట్టిపోయిన వెండర్ మళ్ళీ రాడు, ఓనర్ సారు లక్షలు పోసి కొన్నాం కదా ఇంకేం కాదులే అనుకుంటాడు, ఆ పెట్టె కింద డిస్కులో జాగా ఎంత మిగిలిందో చూసే నాథుడే ఉండడు.

థిన్ ప్రొవిజనింగ్ అని ఒకటుంటాది. పెళ్ళికి ఐదొందల కార్డులు పంచి, అందరూ రారులే అని మూడొందల మందికే వండించినట్టు అనుకోండి. డిస్కు ఉండేది రెండు టీబీ కూడా కాదు, వీఎంలకి మాత్రం అన్నీ కలిపి మూడు టీబీ ఇస్తానని మాటిచ్చేసి ఉంటాం, ఎవరూ మొత్తం వాడరు కాబట్టి నడుస్తాది, నిజానికి నేనూ అట్లే పెడతా. కానీ వంటాయన అన్నం గుండిగలోకి తొంగి చూస్తా ఉండాల కదా.

మా దాంట్లో తొంగి చూడలే. ఒక సోమవారం పొద్దున, ఓపీకి జనం నిండా ఉన్నారు, కౌంటర్ పాప ఫోన్ చేసి "అన్నా, బిల్లు కొడ్తాంటే గుండ్రంగా తిరుగుతానే ఉంది" అనింది. పోయి చూస్తే డేటాస్టోర్‌లో, అంటే వీఎంల ఫైళ్ళన్నీ ఉండే డిస్కు జాగాలో, మిగిలింది సున్నా, నాలుగు వీఎంలు ఉన్నచోటే ఆగిపోయి, జాగా లేదు, ఖాళీ చేసి రీట్రై కొట్టు అని అడుగుతున్నాయి. తవ్వితే తేలిందేందంటే ఐదు నెలల కింద సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కి వచ్చినాయన బిల్లింగ్ వీఎంకి స్నాప్‌షాట్, అంటే తేడా వస్తే వెనక్కి పోయేదానికి ఆ క్షణంలో ఉన్న స్థితిని పట్టిపెట్టేది, తీసి, రెండు రోజుల్లో తీసేస్తా సార్ అని చెప్పి పోయినాడు. ఆయన మరిచిపోయినాడు, నేనూ మరిచిపోయినా. స్నాప్‌షాట్ తీసిన క్షణం నుంచి కొత్త రాతలన్నీ వేరే ఫైల్లోకి పోతాయి, అది పెరిగి పెరిగి నాలుగొందల జీబీ అయింది.

నేను చేసిన మొదటి పని శుద్ధ దండగ, చెప్పడానికి సిగ్గే. ఇంకో వీఎంలో విండోస్‌లోకి పోయి పాత ఫైళ్ళన్నీ డిలీట్ చేసినా. లోపల ముప్పై జీబీ ఖాళీ అని చూపిస్తాది, బయట డేటాస్టోర్‌లో ఇసుమంత కూడా కదల్లే. లోపల చెరిపేసినంత మాత్రాన బయట డిస్కు ఫైలు దానంతట అది చిన్నదవుతాదని నమ్ముకోకూడదు. అప్పుడు బుర్ర పనిచేసింది. డేటాస్టోర్‌లో ఎప్పుడో పడేసిన విండోస్ ఇన్‌స్టాల్ చేసే ఐఎస్‌ఓ ఫైళ్ళు మూడుంటే పీకేసినా. తర్వాత ఎవరూ వాడని టెస్ట్ వీఎం ఒకటి ఊరికే ఆన్‌లో ఉంటే ఆపేసినా. ఇది మనోళ్ళలో చాలామందికి తెలీదు, వీఎంలని నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక వీఎం ఆన్ అయినప్పుడు దాని ర్యామ్ ఎంతో అంత సైజు స్వాప్ ఫైలు, ర్యామ్ చాలకపోతే వాడుకునేది, డిస్కులో కూర్చుంటాది, ర్యామ్‌కి రిజర్వేషన్ పెట్టి, అంటే ఇంత ర్యామ్ దానికే అని కట్టబెట్టి, ఉంటే ఆ మేరకు తగ్గుతాది, ఆఫ్ చేస్తే పోతాది. ఆ టెస్ట్ వీఎంకి పదహారు జీబీ ర్యామ్ ఉండె, పదహారు జీబీ అక్కడే దొరికింది. దాంతో మిగతా వీఎంలు రీట్రై కొడితే లేచినాయి.

ఎట్లాగూ బిల్లింగ్ ఆగిందే కదా అని ఆ వీఎం షట్‌డౌన్ చేసి స్నాప్‌షాట్ డిలీట్ పెట్టినా. అదృష్టం ఏందంటే దాని అసలు డిస్కు ముందే మొత్తం జాగా పట్టుకొని కూర్చునే థిక్ రకం, కాబట్టి ఆ కొత్త రాతల్ని దాంట్లో కలిపేటప్పుడు పెరగలే. అదీ థిన్ అయ్యుంటే నాకు దొరికిన ఆ కాస్త జాగా ఏ మూలకి? ఇంకో మాట, ఆ డిలీట్ తొంభైతొమ్మిది శాతం దగ్గర గంటలు గంటలు నిలబడిపోతాది, కంగారుపడి క్యాన్సిల్ కొట్టొద్దు, సర్వర్ రీబూట్ చెయ్యొద్దు. మా సారు మూడుసార్లు వచ్చి "ఇంకా ఒక శాతమే కదయ్యా" అని పోయినాడు, ఆ ఒక్క శాతం రాత్రి ఎనిమిదిన్నర దాకా పట్టింది, అంతసేపూ కౌంటర్లో కార్బన్ పేపరు పెట్టి బిల్లులు రాసినారు.

స్నాప్‌షాట్‌ని బ్యాకప్ అనుకోవడమే అన్నిటికీ మూలం. అది అసలు డిస్కు మీద ఆనుకొని బతికే ఫైలు, కింద డిస్కు పోతే రెండూ పోతాయి. 72 గంటలకి మించి ఉంచొద్దని వీఎంవేర్ వాళ్ళే చెప్తారు, గొలుసులో 32 దాకా పెట్టుకోవచ్చు కానీ రెండు మూడు దాటనీయొద్దు అని కూడా వాళ్ళ మాటే. డేటాస్టోర్ ఎనభై శాతం నిండితే మెయిల్ వచ్చేట్టు అలారం పెట్టుకోండి. ఆ మెయిల్ ఎవరికి పోతాందో కూడా చూసుకోండి, మా స్టోరేజ్ అలర్టులన్నీ ఉద్యోగం మానేసి బెంగుళూరు పోయిన పిల్లోడి అడ్రస్‌కి పోతా ఉండె.

అట్ల పోతా ఉన్నందుకే ఇంకోటి కూడా తెలీలే. ర్యాకులో నాలుగో డిస్కుకి పసుప్పచ్చ లైటు వెలుగుతా ఉంటే, గది ఊడ్చే ఆయమ్మ "అది దీపావళి నుంచీ అట్లే ఉంది సార్" అనింది. అప్పటికి సంక్రాంతి అయిపోయింది! రెయిడ్ 5 అంటే కొన్ని డిస్కుల్ని ఒకటిగా కలిపి నడిపే పద్ధతి, అందులో ఒక డిస్కు పోతే పని నడుస్తాది, ఇంకోటి పోతే అంతా గోవిందా. పైగా ఇప్పటి పెద్ద పెద్ద డిస్కులకి కొత్తది పెట్టినాక రీబిల్డ్, అంటే పోయిన డేటా దాంట్లోకి మళ్ళీ రాసుకోవడం, అయ్యేదానికి ఒకరోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడతాది, ఆ టైంలో పాత డిస్కులన్నిటి మీదా భారం పడతాది, అన్నీ ఒకే రోజు కొన్నవి, ఒకే వయసువి. అందుకే రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్ 6 పెట్టించుకోండి, ఒక స్పేర్ డిస్కు బీరువాలో ఉంచండి. వెండర్ హైదరాబాదు నుంచి పంపేలోపల పుణ్యకాలం అయిపోతాది.

బ్యాకప్ సంగతికొస్తే, బ్యాకప్ సర్వర్‌ని కూడా అదే పెట్టెలో ఇంకో వీఎంగా పెట్టినోళ్ళని చూసినా, వాళ్ళకి దండం. మూడు కాపీలు, రెండు రకాల మీడియా అంటే దాచే సాధనాలు, ఒకటి బిల్డింగ్ బయట, ఇదేం కొత్త విద్య కాదు. మేము రెండు యూఎస్‌బీ డిస్కులు మార్చి మార్చి వాడతాం, ఒకటెప్పుడూ మా సారు ఇంట్లో ఉంటాది, వైరుకి తగిలించని డిస్కుని, ఫైళ్ళకి తాళమేసి డబ్బులడిగే ఏ ర్యాన్సమ్‌వేరూ ముట్టుకోలేదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ అంతటి ఆస్పత్రి సర్వర్లే దాడికి కూర్చుండిపోయినాయి. డబ్బు లేదనొద్దు, వీమ్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కమ్యూనిటీ ఎడిషన్ పది మెషీన్ల దాకా ఫ్రీనే.

అయితే బ్యాకప్ సక్సెస్ అని పచ్చ టిక్కు చూసి నిద్రపోవద్దు. మేము మొదటిసారి ఉత్తుత్తిగా రిస్టోర్ చేసి, అంటే బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి, చూసినప్పుడు వీఎం చక్కగా లేచింది, విండోస్ వచ్చింది, సాఫ్ట్‌వేర్ తెరిస్తే పేషెంట్లు లేరు. డేటాబేస్ ఉన్న డీ డ్రైవ్‌ని ఎవరో ఎప్పుడో బ్యాకప్ లిస్టులోంచి తీసేసినారు. ఏడాదిన్నరగా మేము ఖాళీ విండోస్‌ని జాగ్రత్తగా దాచిపెడతా ఉన్నాం. ఓనర్లకి నా మనవి ఒక్కటే, నెలకి ఒక పూట మీ సిస్టమ్ పిల్లోడికి రిస్టోర్ చేసి చూసే దానికి వదిలెయ్యండి, ఆ పూట ప్రింటరు రావట్లేదని పిలవొద్దు.

లైసెన్సుల గోల కూడా ఉంది. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ కంపెనీ వీఎంవేర్‌ని కొన్నాక ఒకసారి కొంటే ఎప్పటికీ మనదే అనే లైసెన్సులు ఎత్తేసి చందా పద్ధతి పెట్టినారు, వీఎంవేర్ వాళ్ళ సర్వర్ సాఫ్ట్‌వేర్ వీస్ఫియర్ 7 కి సపోర్టు 2025 అక్టోబరు 2 తో అయిపోయింది. వీఎంవేర్ బదులు వాడే ప్రాక్స్‌మాక్స్‌కి మారతామనేవాళ్ళు మారండి, బాగానే ఉంది, కానీ విండోస్ వీఎంలలో విర్ట్‌ఐఓ డ్రైవర్లు, అక్కడి డిస్కుని విండోస్ గుర్తుపట్టేదానికి కావాల్సినవి, ముందే వేసుకోకుండా డిస్కుని విర్ట్‌ఐఓ కంట్రోలర్ మీద పెట్టి లేపితే విండోస్ లేవక నీలం తెర చూస్తా కూర్చోవాల.

ఇంక మన ఎండలు. సర్వర్ లోపలికి పోయే గాలి 27 డిగ్రీలు దాటకుండా ఉంటే మంచిది, ఏసీ రిమోట్ సెక్యూరిటీ వాళ్ళ దగ్గర ఉంచొద్దు. యూపీఎస్ బ్యాటరీలు వేడికి సగం ఆయుష్షుకే పోతాయి, కరెంటు పోయినప్పుడు వీఎంలు వాటంతట అవే ఒక వరసలో షట్‌డౌన్ అయ్యేట్టు యూపీఎస్‌కి సాఫ్ట్‌వేర్ కలిపి, ఒక ఆదివారం మెయిన్ దించి నిజంగా చూడండి.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి ఊర్లోకి వచ్చినప్పుడు కింద అంతస్తుల్లో ఏమైందో కర్నూలోళ్ళకి నేను చెప్పక్కర్లే. మా ర్యాకు ఇన్నేళ్ళూ కిందనే ఉండె. నిన్ననే సారు ఒప్పుకున్నాడు, వచ్చే ఆదివారం రెండో అంతస్తుకి ఎక్కిస్తున్నాం, లిఫ్టులో పట్టడం లేదు, మోసేదానికి నలుగురు మనుషుల్ని మాట్లాడుకున్నా.

ఇట్లు,
ఒక సిస్టమ్ అడ్మిన్,
కర్నూలు