జస్టిన్ గ్రీన్ కామిక్ చదివారా?

కామిక్స్ అంటే సూపర్‌హీరోలే అనుకునేవాళ్ళు జస్టిన్ గ్రీన్ వేసిన ‘బింకీ బ్రౌన్ మీట్స్ ది హోలీ వర్జిన్ మేరీ’ ఒకసారి చూడండి. 1972లో అమెరికాలో వచ్చిన అండర్‌గ్రౌండ్ కామిక్ (పెద్ద కంపెనీలతో, సెన్సార్‌తో పనిలేకుండా సొంతంగా వేసుకునే రకం), కథంతా గ్రీన్ సొంత గోలే. మొదట్లోనే చేతులు కట్టేసి, తలకిందులుగా వేలాడుతూ, నోట్లో పెన్ను పెట్టుకుని గీస్తున్నట్టు తన బొమ్మ తనే వేసుకున్నాడు! క్యాథలిక్ బడిలో చదివిన కుర్రాడు బింకీకి, అంటే గ్రీన్‌కే, తన వేళ్ళ నుంచి కూడా పాపపు కిరణాలు వెళ్ళి మేరీమాత విగ్రహానికి తగులుతాయని భయం, తగలకుండా చూసుకోవడానికి నానా తంటాలు పడతాడు, నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. అది ఓసీడీ (వద్దన్నా అవే భయాలు, ఆలోచనలు పదేపదే వెంటాడే మానసిక సమస్య) అని గ్రీన్‌కు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత. ఈ కామిక్ లేకపోతే ‘మౌస్’ లేదని, నాజీల చేతిలో యూదులు పడ్డ బాధల మీద ఆ పేరున్న కామిక్ వేసిన ఆర్ట్ స్పీగెల్‌మనే అన్నాడు. గ్రీన్ మాత్రం బతుకుతెరువుకి సైన్‌బోర్డులు రాసుకున్నాడు. 2022లో పోయాడు. అన్నట్టు, ఇది పెద్దలకే, ఇంట్లో పిల్లల కంట పడనివ్వకండి.