దివిసీమ ఉప్పెన గొంతులను ఇప్పుడే దాచాలి

సంపాదకులు గారికి,

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనకు 2027లో యాభై ఏళ్లు నిండుతాయి. ఏటా ఆ రోజున పత్రికల్లో పాత ఫొటోలు వస్తాయి. అవన్నీ నీరు తీశాక తీసినవి. గాలి హోరు ఎలా మారిందో, చీకట్లో ఎవరు ఎవరిని పిలిచారో బతికి బయటపడ్డ మనిషే చెప్పాలి. ఆనాటి పదేళ్ల పిల్లలే ఇప్పుడు అరవైకి చేరువయ్యారు. భోపాల్ గ్యాస్ దుర్ఘటన మ్యూజియంలో బాధితుల గొంతులు వినిపిస్తున్నారు. నాగాయలంక, కోడూరు తీర గ్రామాలకూ ఆ పని జరగాలి.

పూనుకునే యువతకు మామూలు ఫోను చాలు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, శబ్దాన్ని కుదించని వేవ్ (WAV) ఫైలుగా, రికార్డింగ్ యాప్ అమరికల్లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ నాణ్యత ఎంచుకుని రికార్డు చేయాలి. మోనోలో, అంటే ఒకే చానెల్‌లో, గంటకు సుమారు 520 ఎంబీ అవుతుంది. కాలర్ మైకు నోటికి జానెడు దిగువన ఉండాలి, ఫ్యాను ఆపాలి. యాప్‌లో శబ్దం స్థాయి చూపే మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా చూడాలి. దుఃఖం పొంగినప్పుడు గొంతు ఒక్కసారిగా పెరుగుతుంది, అప్పుడు పగిలిన శబ్దాన్ని తర్వాత సరిగా బాగుచేయలేం. పేరు, ఊరు, తేదీ, దాచడానికి సమ్మతి మొదట్లోనే వాళ్ల నోటితో చెప్పించాలి. "అల తాటిచెట్టంత ఎత్తు వచ్చిందా?" అని అడిగితే చాలామంది అవుననే అంటారు. "ఆ శనివారం పొద్దుటి నుంచి చెప్పండి" అని ఊరుకోవాలి. మధ్యలో వచ్చే మౌనాన్ని దయచేసి కత్తిరించకండి. ఇక చెప్పలేనంటే అక్కడితో ఆపేయాలి.

ఇంతకన్నా తొందర పాత కాసెట్లది. ఉప్పెన మీద కట్టిన పాటలు, సంతాప సభల ప్రసంగాలు ఎవరి అటక మీదైనా ఉండవచ్చు. తీరప్రాంతపు తేమకు టేపు మీద తెల్లటి బూజు పడుతుంది. అలాగే ప్లేయర్‌లో వేస్తే బూజు టేపును చదివే హెడ్డుకు అంటి మిగతా కాసెట్లకూ పాకుతుంది కాబట్టి వాటిని విడిగా ఉంచి, శుభ్రం చేయడం తెలిసినవారికే ఇవ్వాలి. బాగున్న కాసెట్‌కైనా ముందుగా వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ రెక్కలు విరిచేయాలి. లేకుంటే పొరపాటున రికార్డు మీట నొక్కితే ఉన్నది చెరిగిపోతుంది. తర్వాత ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టాలి, ఏళ్లుగా కదలని పొరలు అంటుకుని ఉంటాయి. శబ్దం మూసుకుపోయినట్టు వస్తే టేపు పోయిందనుకుని పారేయకండి. టేపును హెడ్డుకు అదిమిపట్టే లోపలి ఫెల్ట్ ముక్క ఊడి ఉండవచ్చు, మరలున్న వేరే కాసెట్ డబ్బాలోకి చుట్టలు మారిస్తే మళ్లీ పలుకుతుంది.

ప్రతి రికార్డుకూ మూడు ప్రతులు ఉండాలి, అందులో ఒకటి తీరానికి దూరంగా వేరే ఊళ్లో. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌ను అసలు ప్రతిగా లెక్కపెట్టకూడదు, అది శబ్దాన్ని బాగా కుదించేస్తుంది.

అవనిగడ్డ గ్రంథాలయంలో ఈ రికార్డులకు ఒక హార్డ్‌డిస్కు, వినేవారికి హెడ్‌ఫోన్లు ఉన్న బల్ల ఏర్పాటు చేయాలని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాం. ఆనాటి టేపులు తమ దగ్గర ఏమేమి ఉన్నాయో ఆకాశవాణి విజయవాడ కేంద్రం వారు జాబితా ప్రకటించాలి.

— మౌఖిక చరిత్ర సేకరిస్తున్న కొందరు, అవనిగడ్డ