న్యాయశాఖ మంత్రి గారూ, మా కోర్టు హాల్లో ఒక తెర పెట్టించండి

గౌరవనీయులైన రాష్ట్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కోస్తాలో ఒక చిన్న పట్టణంలో 18 ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న వకీలుని. ఊరి పేరు, కోర్టు పేరు ఇక్కడ రాయడం లేదు. నా గోడు ఏ జడ్జి గారి మీదో, స్టాఫ్ మీదో కాదు, పైగా నేను చెప్పబోయే కేసు అప్పీల్లో ఉంది. ఇదే విషయం మీద మీ పేషీకి ఇప్పటికే రెండు అర్జీలు పెట్టుకున్నాను. మా బార్ అసోసియేషన్ తీర్మానం చేసి మూడోది పంపింది. మొదటిదానికి ‘సంబంధిత విభాగానికి పంపడమైనది’ అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. రెండోదానికి అది కూడా లేదు. విచారిస్తే ఒక ఆఫీసులో ‘కోర్టు కంప్యూటర్ల సంగతి మాది కాదు’ అన్నారు, ఇంకో ఆఫీసులో ‘వచ్చే సామాన్ల జాబితాలో ఇది లేదు, రాష్ట్రం నిధులిస్తే చూద్దాం’ అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు. కానీ నేను ఎవరిని అడగాలో మీరే చెప్పండి. అందుకే ఇక నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నేను అడుగుతున్నది చాలా చిన్నది. కోర్టు హాల్లో ఒక పెద్ద టీవీ. జడ్జి గారికి, బోనులో నిలబడ్డ సాక్షికి, రెండు వైపుల వకీళ్లకి ఒకేసారి కనపడేంత తెర, ఏ వీడియో ఫైలైనా తెరుచుకునే ఒక కంప్యూటరు, వినపడేంత స్పీకరు. అంతే.

ఎందుకు అడుగుతున్నానో చెప్తాను, దయచేసి చివరిదాకా చదవండి.

2024 ఆగస్టులో మా ఊరి బైపాస్ దగ్గర 24 ఏళ్ల కుర్రాడు బైక్ మీద రొయ్యల చెరువు పనికి వెళ్తుంటే రాంగ్ రూట్లో వచ్చిన టిప్పర్ గుద్దేసింది. అక్కడికక్కడే పోయాడు. తండ్రి అంతకుముందే లేడు, తల్లి, పెళ్లయిన అక్క మిగిలారు. రోడ్డుకి ఎదురుగా ఉన్న హార్డ్‌వేర్ షాపు కెమెరాలో జరిగిందంతా పడింది, మొత్తం 38 సెకన్లు. ఆ షాపు డీవీఆర్‌లో, అంటే కెమెరా రికార్డు చేసే పెట్టెలో, పాతది చెరిగిపోయి దాని మీదే కొత్తది రికార్డవుతుంటుంది, ఇంకో వారం ఆగితే దొరికేది కాదు. కుర్రాడి బావ పెద్దకర్మ కూడా కాకముందే షాపు ఓనర్ని బతిమాలి పెన్ డ్రైవ్‌లో ఎక్కించుకుని నా దగ్గరికి తెచ్చాడు. ఆ రోజు అతను నా ఆఫీసులో కూర్చుని ‘సార్, ఇది చూస్తే ఇంకెవరూ ఏమీ అనలేరు కదా’ అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌గా కూర్చునే మా కోర్టులోనే నష్టపరిహారం కేసు వేశాం. ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్ల వాదన ఏంటంటే, కుర్రాడే చూసుకోకుండా సందులోంచి ఒక్కసారిగా రోడ్డెక్కాడు, సగం తప్పు అతనిదే అని. వీడియోలో మాత్రం అలా లేదండి. 11వ సెకను దగ్గర కుర్రాడు సందు మొదట్లో బండి ఆపేసి, ఎడమ కాలు నేల మీద మోపి, కుడివైపు చూస్తున్నాడు. 14వ సెకనులో టిప్పర్ ఎడమవైపు నుంచి, అంటే రాకూడని వైపు నుంచి వచ్చి పడింది. కేసు మొత్తం ఆ కాలు మీదే ఆధారపడి ఉంది. కాలు నేల మీద ఉందంటే బండి ఆగి ఉన్నట్టు. బండి ఆగి ఉంటే తప్పు అతనిది కాదు. మా ఇంట్లో 43 అంగుళాల టీవీకి పెన్ డ్రైవ్ పెట్టి, ఆపి ఆపి చూశాను. కాలు స్పష్టంగా కనపడుతుంది, చెప్పు పట్టీ తెలుపు రంగని కూడా తెలుస్తుంది.

ఇక దాన్ని కోర్టు దాకా తీసుకెళ్లడం చూడండి. కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియం, సెక్షన్ 63(4) కింద ఆ ఫైలు ఎక్కడ నుంచి, ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ కావాలి. అందులో పార్ట్ ఏ షాపు ఓనర్ సంతకం పెట్టాలి. ఆయనకి కోర్టు అంటేనే టెన్షన్, మూడుసార్లు తిరిగితే పెట్టాడు. పార్ట్ బి ఎక్స్‌పర్ట్ పెట్టాలి, హాష్ వాల్యూ, అంటే ఫైలు మారలేదని తేల్చే కోడు, రాయాలి. మా పట్టణంలో ఎక్స్‌పర్ట్ అంటే ఎవరండీ? జిరాక్స్ సెంటర్ పక్కన కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి సంతకం చెల్లుతుందా చెల్లదా అని రెండు వాయిదాలు దాని మీదే గడిచాయి. ఇలాంటి ట్రిబ్యునల్‌కి సాక్ష్య చట్టం నియమాలన్నీ పట్టుబట్టి వర్తింపజేయక్కర్లేదని నేను వాదించాను. అవతలి వకీలు గారు అర్జున్ పండిట్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు 2020లో ఇచ్చిన తీర్పు తీశారు, సర్టిఫికెట్ తప్పనిసరి అన్నది ఆయన మాట. ఆయన పని ఆయన చేశారు, తప్పు పట్టను. చివరికి ఆ తల్లి చేబదులు తెచ్చి ఇస్తే నగరం నుంచి ఒకాయన చేత పార్ట్ బి సంతకం చేయించాం. వీడియో ఎగ్జిబిట్ ఏ-7గా మార్కు అయింది, అంటే సాక్ష్యంగా రికార్డుకెక్కింది. అమ్మయ్య అనుకున్నాను.

మార్కు అయితే అయింది, చూడడం ఎలా?

ఆ రోజు బెంచ్ క్లర్కు గారు పెన్ డ్రైవ్‌ని హాల్లో ఉన్న కంప్యూటర్‌కి పెట్టారు. కోర్టు కంప్యూటర్లు విండోస్ మీద కాదు, ఉబుంటు అనే వేరే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి, ఆ డీవీఆర్ ఫైలుకేమో దాని కంపెనీ వాళ్ల సొంత ప్లేయర్ కావాలి, అది విండోస్‌లో తప్ప నడవదు. తెరుచుకోలేదు. రిమాండ్ల కోసం వాడే వీడియో కాన్ఫరెన్స్ తెర ఉంది కదా అని అడిగాను. దానికి పెన్ డ్రైవ్ పెట్టడానికి పర్మిషన్ లేదు, వైరస్ వస్తే ఎవరు బాధ్యులు అన్నారు. కేసు ఇంకో నెలకి పడింది. ఈలోపు నేను మెమో వేసుకుని, నా లాప్‌టాప్ తెచ్చుకోవడానికి అనుమతి అడిగి, అవతలివాళ్ల అభ్యంతరం విని, అది తేలేసరికి ఇంకో వాయిదా. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది మా పరిస్థితి.

అనుమతి వచ్చిన రోజు నా 14 అంగుళాల లాప్‌టాప్ జడ్జి గారి డయాస్ మీద పెట్టాను. మా హాలుకి పడమర వైపు రెండు పెద్ద కిటికీలు ఉన్నాయి, మా కేసు పిలిచేసరికి మధ్యాహ్నం మూడున్నర, ఎండ నేరుగా తెర మీద పడుతోంది. అటెండర్ లేచి కర్టెన్ అని వేలాడుతున్న గుడ్డని చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. జడ్జి గారు ముందుకి వంగి చూశారు. అవతలి వకీలు గారు డయాస్ పక్కకొచ్చి మెడ సాచి చూశారు. బోనులో ఉన్న సాక్షికి మాత్రం తెర వెనక భాగమే కనపడుతోంది. అతన్ని ప్రశ్న అడగాలంటే నేను లాప్‌టాప్‌ని పళ్లెంలా రెండు చేతులతో పట్టుకుని బోను దగ్గరికి నడవాలి, అతను చూసి చెప్పాక మళ్లీ డయాస్ దగ్గరికి పట్టుకెళ్లాలి. అలా నాలుగుసార్లు తిరిగాను. మూడోసారి కరెంటు పోయింది, ఎండ మాత్రం పోలేదు.

ఆ సాక్షి వేలితో తెర మీద చూపించి ‘ఇదుగోండి, ఇటు నుంచి ఇలా వచ్చిందండి, అబ్బాయి ఇక్కడే ఆగున్నాడండి’ అన్నాడు. డిపాజిషన్‌లో, అంటే సాక్షి చెప్పింది రాసుకునే కాగితంలో, ఏం పడిందో తెలుసా? వాహనం ఇటు నుంచి వచ్చిందని, మృతుడు ఇక్కడ ఉన్నాడని. ఏ ఇటు? ఏ ఇక్కడ? ఆ కాగితం రేపు పై కోర్టులో చదివే జడ్జి గారికి ఏం అర్థమవుతుంది? అమెరికా ఫెడరల్ కోర్టుల్లో సాక్షి తెర మీదే వేలితో గీత గీస్తే, ఆ గీతతో సహా బొమ్మని ప్రింటు తీసి రికార్డులో పెట్టుకునే ఏర్పాటు ఉంది. నేను అంత అడగడం లేదు. 11వ సెకను దగ్గర ఆపి ఆ ఒక్క బొమ్మని ప్రింటు తీసి సాక్షి చేత సున్నా చుట్టించి మార్కు చేసుకునే వీలున్నా చాలు. దానికి కావలసింది తెర, ప్రింటరు, ఒక పద్ధతి.

తీర్పులో ఏం వచ్చిందో ఒక్క ముక్కలో చెప్తాను. వీడియో చూశామని, ఢీకొనే సమయానికి మోటార్ సైకిల్ ఆగి ఉందో కదులుతోందో స్పష్టంగా తెలియడం లేదని, కాబట్టి 30 శాతం తప్పు మృతుడిది అని. పరిహారంలో అంత మేరా కోత పడింది. ఆ లాప్‌టాప్‌లో, ఆ ఎండలో, నాకే కాలు కనపడలేదు, జడ్జి గారిని నేనేమీ అనను. కానీ మంత్రి గారూ, ఆ వీడియో ప్రమాదం జరిగిన వారానికే వాట్సాప్‌లో ఊరంతా తిరిగింది. టీ కొట్టు దగ్గర జనం చూశారు, కాలేజీ పిల్లలు చూశారు, చూసినవాళ్లంతా పాపం కుర్రాడు ఆగే ఉన్నాడు అన్నారు. ఊరంతా చూసిందాన్ని తీర్పు చెప్పాల్సిన ఒక్కరికి సరిగ్గా చూపించలేకపోయాం. ఇది నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఆ తల్లి ఏ రోజూ వీడియో చూడలేదు, చూపించొద్దంది. వీడియో పెట్టినప్పుడల్లా బయట వేపచెట్టు కింద కూర్చునేది. వాయిదా అయి నేను బయటికి రాగానే ఒకటే అడిగేది: ‘బాబూ, జడ్జి గారు చూశారా?’ చూశారమ్మా అనేవాణ్ణి. ఆ మాట అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు.

ఇది ఒక్క యాక్సిడెంట్ కేసు గోల అనుకోకండి. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 105 ప్రకారం సోదా చేసినా, ఏదైనా జప్తు చేసినా వీడియో తీయాల్సిందే. ఆ వీడియోలు తీసి భద్రపరచడానికి పోలీసుల చేతికి ఈ-సాక్ష్య యాప్ ఇచ్చారు. సెక్షన్ 530లో విచారణలు ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరపొచ్చు అన్నారు. చాలా మంచిది, మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను. కానీ ఆ వీడియోలన్నీ చివరికి వచ్చేది మా హాలుకే కదా. అక్కడ చూడ్డానికి తెర లేకపోతే తీసిన వీడియో ఎవరికి పనికొస్తుంది? రేపు ఒక అమాయకుడి ఇంట్లో సరుకు దొరికిందని కేసు పెడితే, సోదా వీడియోలో అతను చెప్పేది నిజమని తెలిసే ఒక్క క్షణం ఉంటే, దాన్ని ఆపి ‘ఇదుగో చూడండి’ అని అతని వకీలు ఎలా చూపిస్తాడు? లాప్‌టాప్ లేని జూనియర్ వకీలు, లీగల్ ఎయిడ్ మీద వచ్చిన ముద్దాయి, వాళ్ల సంగతేంటి?

స్థలాల కేసులదీ ఇదే తంతు. స్థలం చూసి రమ్మని కోర్టు పంపిన వకీలు, అంటే అడ్వొకేట్ కమిషనర్, వేసిన స్కెచ్‌ని డయాస్ మీద పరిచి అయిదుగురం దాని మీద వంగుతాం. సాక్షి మాత్రం గాల్లో చెయ్యి ఊపుతూ హద్దులు చెప్తాడు.

డబ్బులు లేవంటే నమ్మబుద్ధి కావడం లేదండి. కోర్టుల్ని కంప్యూటరీకరించే ఈ-కోర్ట్స్ పథకం మూడో దశకి కేంద్ర క్యాబినెట్ 2023 సెప్టెంబర్‌లో 7,210 కోట్లు ఒప్పుకుంది, అందులో పాత కాగితాల స్కానింగ్‌కే 2,038.40 కోట్లు. పాత కాగితాలు భద్రం చేయాల్సిందే, కాదనను. సుప్రీంకోర్టులో 2022 సెప్టెంబర్ 27 నుంచి రాజ్యాంగ ధర్మాసనం విచారణలు మేం ఫోన్లో చూస్తున్నాం, గర్వంగా ఉంది. కానీ సాక్షి బోనెక్కేది సుప్రీంకోర్టులో కాదు కదా, మా దగ్గర. సాక్ష్యం పుట్టే చోటే తెర లేదు.

మీరే హైకోర్టుతో మాట్లాడండి. జాబితాలో లేకపోతే జాబితాలో పెట్టించండి, రాష్ట్రం వాటా ఇవ్వాలంటే ఇప్పించండి. ముందు ప్రతి పట్టణంలో ఒక్క హాలుకైనా తెర పెట్టించండి, మిగతా కోర్టులవాళ్లు వంతులవారీగా వాడుకుంటాం. పార్ట్ బి సంతకానికి జిల్లాకి ఒక మనిషిని, తక్కువ ఫీజుతో, ఫలానా చోట ఉంటాడని చెప్పి నియమించండి. వీడియో ఆపిన బొమ్మని ఎలా మార్కు చేయాలో, సాక్షి చూపించింది ఎలా రాయాలో ఒక సర్క్యులర్ వచ్చేలా చూడండి. వీడియో కాపీ అవతలి పక్షానికి ముందే ఇవ్వాలని అందులో గట్టిగా రాయించండి, ఎందుకంటే తెర మీద కోసి అతికించినదాన్ని చూపించి మోసం చేసేవాళ్లూ ఉంటారు. ఇవన్నీ ఒకేసారి కుదరకపోతే, టీవీ ఒక్కటైనా పెట్టించండి. మా బార్ చందాలేసుకుని కొనిస్తామంది, దానికీ అనుమతి రాలేదు.

వచ్చే నెల రెండో వారంలో నాకు ఇంకో కేసులో ఇలాంటి పెన్ డ్రైవే మార్కు చేయాల్సి ఉంది. ఈసారిది స్కూలు ఆటో, గాయపడింది ఏడేళ్ల పాప. మా కేసు పిలిచేది మళ్లీ మధ్యాహ్నమే. కనీసం ఆ కిటికీలకి మందం పరదాలైనా ఆలోపు వేయించగలరేమో చూడండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక పట్టణ కోర్టు వకీలు