మొర్రి విత్తనాలు మొలకెత్తడం గురించి

సభ్యులందరికీ నమస్కారం. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు పొలం గట్ల మీద మొర్రి పండ్లు నల్లబడుతున్నాయి కాబట్టి, గింజ లోపలి సారపప్పు కోసమే కాక మొక్కల కోసం కూడా గింజలు ఏరే సమయం ఇదే. నిరుడు నేను గింజలను పెంకుతోనే మట్టి నింపిన మొక్కల సంచుల్లో పెట్టి, వానాకాలమంతా ఎదురుచూసినా చాలా సంచుల్లో మొలక రాలేదు. లోపలి పప్పు మంచిదే, కానీ రాయిలాంటి పెంకు దాన్ని బయటికి రానివ్వలేదు.

ఆ పెంకును దగ్గరగా చూస్తే అంచు వెంట సన్నని అతుకు కనిపిస్తుంది. గింజను నిలువుగా పట్టుకుని ఆ అతుకు మీద చిన్న రాయితో మెల్లగా తడితే, పప్పు నలగకుండా పెంకు నెర్రె విచ్చుతుంది. అంతకు మించి కొట్టవద్దు. పప్పుకు గాటు పడితే బూజు పట్టి కుళ్లిపోతుంది. అంతకుముందే గుజ్జును పూర్తిగా కడిగి, నీళ్లలో తేలిన తాలు గింజలను తీసేసి, మిగిలినవాటిని నీడలో ఆరబెట్టాలి. పప్పులో నూనె ఎక్కువ కనుక ఎక్కువ రోజులు నిల్వ ఉంచితే మొలిచే శక్తి తగ్గిపోతుంది. అందుకే ఈ ఏటి గింజను ఈ ఏడే విత్తాలని నా గట్టి అభిప్రాయం.

నెర్రె విచ్చిన గింజలను ఒక రాత్రి నానబెట్టి, ఇసుక కలిపిన ఎర్రమట్టిలో వేలి కణుపు లోతున పెట్టండి. తల్లివేరు త్వరగా కిందికి దిగుతుంది కాబట్టి పొడవాటి సంచులే వాడండి. నీరు నిలవకూడదు. చీమలు, ఉడతలు పప్పు వాసన పసిగడతాయి, పైన జల్లెడ వల కప్పడం మరచిపోకండి. ఎలుగుబంట్లకూ పిట్టలకూ ఇదే తిండి కనుక, ఏ చెట్టునూ పూర్తిగా దులపవద్దని వేడుకుంటున్నాను.