ఫోన్ లాక్కోమంటే సరిపోతుందా?

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో సైబర్ నేరాలపై విద్యార్థులకు జరిగిన అవగాహన సదస్సు వార్త వేశారు. వేదిక మీద కూర్చున్న తొమ్మిది మంది ఫొటో, వాళ్ల హోదాలు వరుసగా ఉన్నాయి. పిల్లలకు చెప్పింది మాత్రం ఒక్కటే: ఫోన్లకు దూరంగా ఉండండి, తల్లిదండ్రులు ఫోన్లు ఇవ్వకండి. ఆ రోజే రాయాలనుకున్నాను. పెళ్లిళ్ల జాకెట్లు కుట్టే పనిలో పడి కుదరలేదు. కోపం మాత్రం తగ్గలేదు.

మాది రాజోలు వైపు పల్లెటూరు. మా దగ్గర చాలామంది పిల్లల తల్లులు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇళ్లల్లో పనిచేస్తున్నారు. పిల్లలు అమ్మమ్మల దగ్గర, మేనమామల దగ్గర పెరుగుతున్నారు. వాళ్లకు అమ్మ కనిపించేది ఫోన్‌లోనే. అక్కడ పని తెమిలాక ఆమె చేసే పది నిమిషాల వీడియో కాల్ కోసం పిల్లలు అన్నం తినకుండా కూర్చుంటారు. ఆ ఫోన్ లాక్కోమని మైకులో ఎలా చెప్పగలుగుతున్నారు?

మా ఆడపడుచు కూతురు మా ఇంట్లో ఉండి పదో తరగతి చదువుతోంది. దాని మొహాన్ని ఎవడో వేరే ఒంటికి అతికించి, ఆ ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పంపి డబ్బు అడిగాడు. డబ్బు లేదంటే నిజం ఫొటోలు పంపమన్నాడు. పదకొండు రోజులు పిల్ల నోరు విప్పలేదు. చెబితే ఫోన్ లాగేస్తాం, అమ్మతో మాట్లాడనివ్వం అని భయపడిందట. చెవి పోగులు తాకట్టు పెట్టబోతూ దొరికితే గానీ నాకు తెలియలేదు. ఫోన్ ముట్టుకుంటేనే తప్పని నేర్పితే, ఆపద వచ్చినప్పుడు పిల్లలు మన దగ్గరికి ఎందుకు వస్తారు?

స్టేషన్‌కు తీసుకెళితే, "ఇంత చిన్నపిల్లకు ఫోన్ ఎందుకిచ్చారమ్మా?" అన్నదే మొదటి ప్రశ్న. "రేపు పెళ్లి చేయాల్సిన పిల్ల, కేసు ఎందుకు?" అన్నది రెండోది. చుట్టూ నలుగురు నిలబడి వింటున్నారు. పిల్ల నా చీర కొంగు వదల్లేదు. ఇంటికొచ్చాక కాకినాడలో ఇంజనీరింగ్ చదివే మా బంధువుల కుర్రాడు పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం చదివి వినిపించాడు. ఫొటో నిజమైనా, కల్పించినదైనా, లైంగిక ఉద్దేశంతో అలా బెదిరిస్తే నేరమే. పిల్లల వాంగ్మూలం ఇంటి దగ్గరో, వాళ్లు కోరుకున్న చోటో తీసుకోవాలి. వచ్చే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు. చట్టం ఇంత స్పష్టంగా ఉంటే మాకు జరిగిందేమిటి?

దారి చూపింది ఆ కుర్రాడే. మెసేజ్‌లు చెరపొద్దు, అకౌంట్ పేరు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయండి, ఒక్క రూపాయి పంపినా మళ్లీ అడుగుతాడు అన్నాడు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాడు. కేంద్రం సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లలపై నేరాలకు విడిగా చోటు ఉంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. 18 ఏళ్లలోపు పిల్లల అలాంటి ఫొటోలను నెట్‌లోంచి తీయించడానికి టేక్ ఇట్ డౌన్ అనే సేవ ఉందట. ఫొటో మన ఫోన్ దాటి వెళ్లదు, దాని నుంచి తయారైన అంకెల గుర్తు మాత్రమే ఇన్‌స్టాగ్రామ్ లాంటి కంపెనీలకు అందుతుంది. ఇవేవీ ఆ సదస్సు వార్తలో లేవు. పిల్లల కోసమే ఉన్న 1098 నంబరు కూడా లేదు.

గోదావరి వరదప్పుడు ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీరు 11.75 అడుగులకు రాగానే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. నది మధ్య లంక ఊళ్లలో మైకు ఆటో తిరుగుతుంది. ఏ రేవులో పడవ ఉందో, ఏ బడిలో అన్నం పెడతారో చెబుతుంది. గోదారి పక్కన కాపురం ఎందుకు పెట్టారని వరదలో ఉన్నవాళ్లను ఎవరూ తిట్టరు. మా పిల్లల విషయంలో ఆ మాత్రం ఎందుకు చేయరు? గ్రామ సచివాలయాల్లో మహిళా పోలీసులను పెట్టింది ఇలాంటి వాటికే కదా. మా ఊళ్లో ఆమెను ఎప్పుడు చూసినా ఏదో ఒక సర్వే మీదే తిప్పుతుంటారు. అడిగితే పైనుంచి ఆర్డర్ అంటారు. ఏ పనికి పెట్టిన మనిషిని ఆ పని చేయనివ్వకపోవడం మన ఆఫీసుల్లో మామూలైపోయింది.

మీకూ ఒక మనవి. రోజూ అంబాజీపేట కొబ్బరి ధరలు వేస్తారు. ఆ పక్కనే రెండంగుళాల చోటిచ్చి 1098, 1930 వేయండి. నా పేరు మాత్రం వేయకండి, పిల్ల ఎవరో తెలిసిపోతుంది.

— ఒక పాఠకురాలు, కోనసీమ జిల్లా