నీ గంట, నా చొక్కా

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం చేరింది. "ఓడ ఊగితే ఊగనీ, రాడార్ యాంటెన్నాను గుడిలో గంటలా వేలాడదీస్తే సరి, దానికింత చదువు దేనికి?" అని దెప్పిపొడిచావు కదా! మొన్న చేపల రేవులో ఒక బోటు రాడార్ బాగుచేసి, పరీక్షకని సముద్రంలోకి వెళ్లాం. ఇంజను పెట్టె మీద టీ గ్లాసు పెట్టుకున్నాను. డాల్ఫిన్స్ నోస్ కొండ దాటాక సరంగు బోటును గిర్రున తిప్పాడు. టీ ఒక పక్కకు ఎగదన్ని నా చొక్కా మీద పడింది. నీ గంటకూ అదే గతి. భూమి లాగుడేదో, పడవ విసురేదో దానికి తేడా తెలియదు. యాంటెన్నా ఉండే మాస్టు (ఓడ స్తంభం) కొనన ఆ విసురు మరీ ఎక్కువ. అందుకే ఒరుగుడు కొలవడానికి జైరోస్కోపును, అంటే ఓడ ఎటు ఊగినా తన దిశ వదలని పరికరాన్ని నమ్ముతారు.

బోట్లకు ఈ బాధ లేదులే. వాటి రాడార్ వదిలే రేడియో కిరణం నిలబెట్టిన విసనకర్ర లాంటిది. నిలువున 20 డిగ్రీలకు పైనే పరుచుకుంటుంది కాబట్టి కాస్త ఒరిగినా నీటిని తాకుతూనే ఉంటుంది. చిక్కంతా విమానం ఎత్తు కూడా కనిపెట్టాల్సిన యుద్ధనౌకలకే. వాటి కిరణం నిలువున కూడా సన్నం. ఓడ 20 డిగ్రీలు ఒరిగితే ఒక పక్క 10 కిలోమీటర్ల దూరంలో కిరణం దాదాపు 3.4 కిలోమీటర్ల ఎత్తుకు పోతుంది, రెండో పక్క నీళ్లలో మునుగుతుంది. దిక్కు కూడా అబద్ధమే చెబుతుంది! ఎదురుగా, సరిగ్గా పక్కకు చూసినప్పుడు తప్పుండదు కానీ, 45 డిగ్రీల మూలకు చూస్తే 1.8 డిగ్రీల తేడా. 10 కిలోమీటర్ల దగ్గర అది 300 మీటర్ల పైమాటే.

దీన్ని సరిచేసే పరికరం ఎక్కడ పెట్టాలన్నదే అసలు తగువు. వంకరగా నిలబెట్టిన రంగులరాట్నం ఎక్కి, తిరుగుతూనే సముద్రపు అంచును చూడాలంటే చుట్టుకొకసారి తల ఎత్తాలి, దించాలి. యాంటెన్నా ఒక్కదాన్నే వంచితే జరిగేది అదే. నిమిషానికి 12 చుట్లు తిరిగేదైతే, ప్రతి 5 సెకన్లకూ 20 డిగ్రీలు పైకి, 20 కిందికి. ఆ మోటారు పాట్లు పగవాడికీ వద్దు. అలా కాక రాట్నం కింది పీఠాన్నే సమంగా నిలిపితే ఓడ ఊగినంత నిదానంగా కదిలితే చాలు. కానీ మోటారూ బేరింగులూ అన్నీ పీఠం మీదే మోయాలి. అంత ఎత్తున బరువు పెరిగితే ఓడ నిలకడకే ఎసరు. అయినా నా ఓటు పీఠానికే.

ఇప్పుడు కిరణాన్నే ఎలక్ట్రానిక్స్‌తో వంచే రాడార్లు వచ్చాయి. మంచివే. చేతికి గ్రీజు అంటని పని నాకు రుచించదు, అంతే.

సెలవు పెట్టి రా. ఆర్కే బీచ్‌లో కూర్చుంటే దూరంగా నౌకలు కనబడతాయి, తగువు అక్కడే తేల్చుకుందాం. చొక్కా మీది టీ మరక ఎన్ని ఉతుకులకూ పోలేదు, దాని డబ్బులు నువ్వే ఇవ్వాలి.

నీ
రాడార్ మిత్రుడు